స్కాటు కట్టిన రాతి మేడ

స్కాట్లండు దేశపు దక్షిణ భాగమున ట్వీడు అను నది ప్రవహించుచున్నది. అది మన కృష్ణా గోదావరుల వంటి మహానది కాదు. పచ్చని గుట్టల నడుమ మెలికలు తిరుగుచు, గులకరాళ్లపై గలగల పాఱుచు పోవు చిన్న నది. మెల్రోసు అను ఊరికి సమీపమున, ఆ నది దక్షిణపు టొడ్డున, బురుజులతోను కోటకొమ్మలతోను ఒక రాతి మేడ నిలిచియున్నది. దూరము నుండి చూచువారికి ఏ ప్రాచీన రాజవంశమో శత్రుభయముచే కట్టుకొన్న దుర్గమని తోచును. కాని అందు ఏ రాజును కాపుర ముండలేదు. దానిపై ఏ సేనయు దండెత్తలేదు. ఒక గ్రంథకర్త తన కలముతో ఆర్జించిన ధనమును, ఇంకను ఆర్జింపబోవు ధనమును గూడ వెచ్చించి దానిని కట్టించెను. ఆయన సర్ వాల్టర్ స్కాటు. ఆ మేడ పేరు అబట్సుఫర్డు.

స్కాటు 1771 వ సంవత్సరము ఆగస్టు 15 వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవ్యవహారములు చూచు వృత్తిలో నుండెను. తల్లి ఒక వైద్యుని కుమార్తె. బిడ్డకు పదునెనిమిది నెలల ప్రాయమున జ్వరము సోకి కుడికాలు పడిపోయెను. అది పోలియో వ్యాధి యని నేటివారు చెప్పుదురు. ఆనాడు దానికి మందు లేదు. పల్లెగాలి మేలు చేయునని తలచి తలిదండ్రులు పసివానిని శాండినో అనుచోట వ్యవసాయము చేయుచున్న తాతగారి యింటికి పంపిరి. అచ్చట ఎవరో చెప్పిన చికిత్సను నమ్మి, అప్పుడే ఒలిచిన గొఱ్ఱెతోలులో శిశువును చుట్టి నేలపై ప్రాకించిరట! కాలు బాగుపడలేదు. స్కాటు జీవితాంతము కుంటుచునే నడచెను. అయినను ఎండలో గాలిలో పెరిగిన దేహము దృఢమయ్యెను.

ఆ పొలమునకు సమీపమున ఒక రాతిగుట్ట కలదు. దానిపై స్మెయిలుహోము అను పాతకాలపు రాతి బురుజు ఒంటరిగా నిలిచియుండెను. పూర్వము ఇంగ్లండు, స్కాట్లండు దేశముల సరిహద్దున నివసించు వంశములవారు ఒకరి పసుల నొకరు తోలుకొని పోవుచు, ఒకరి యిండ్ల నొకరు తగులబెట్టుచు తరతరములు పోరాడిరి. అట్టి దాడులనుండి కాపాడుకొనుటకు కట్టిన బురుజులలో అది యొకటి. గొఱ్ఱెల కాపరి బాలుని ఎత్తుకొని పోయి ఆ గుట్టపై గడ్డిలో దింపుచుండెను. రాత్రివేళ మేనత్త జానెటు ఆ సరిహద్దు వీరుల పదములను వినిపించుచుండెను. మన పల్లెలలో బొబ్బిలి కథ విని పెరిగిన పిల్లవానికి ఆ కోటగోడలు కన్నుల గట్టినట్లే, నడువలేని ఆ బాలునకు రాళ్లు మాటలాడుచున్నట్లు తోచెను. అబట్సుఫర్డు మేడకు పునాది ఆనాడే పడినదని చెప్పవచ్చును.

పెద్దవాడై స్కాటు ఎడింబరోలో చదివి, 1792 లో న్యాయవాది యయ్యెను. 1797 లో షార్లటు అను కన్యను వివాహమాడెను. 1799 లో సెల్కర్కు మండలమునకు న్యాయాధికారిగా నియుక్తుడయ్యెను. ఉద్యోగ మొకవైపు సాగుచుండగనే ఆయన గుఱ్ఱమెక్కి కొండపల్లెలు తిరిగి, ముదుసళ్ల నోట మిగిలియున్న వీరపదములను వ్రాసికొని, 1802 లో గ్రంథముగా ప్రకటించెను. ఆ పిమ్మట తానే కథాకావ్యములు రచింప మొదలిడెను. 1805 లోను, 1808 లోను, 1810 లోను వెలువడిన మూడు కావ్యములు ఆయన కీర్తిని బ్రిటను దేశమంతట వ్యాపింపజేసెను.

కీర్తితో ధనము వచ్చెను. ధనముతో భూమిపై కోరిక పుట్టెను. అంతవఱకు స్కాటు కౌలుకు తీసికొన్న యింటిలో నుండెను. 1811 లో ట్వీడు ఒడ్డున సుమారు 110 ఎకరముల పొలమును 4,000 పౌనులకు పైగా వెల పెట్టి కొనెను. అందు సగము సోదరుని వద్ద తెచ్చిన అప్పు. మిగిలిన సగమునకు ఇంకను వ్రాయని కావ్యమొకటి హామీ! ఆ పొలము చెట్టు చేమలు లేని బీడు. అందొక చిన్న యిల్లు, దాని యెదుట ఒక మురికిగుంట యుండెను. ఇరుగుపొరుగువారు ఆ చోటిని పరిహాసముగ బురదగుంట యని పిలుచుచుండిరి. పూర్వము మెల్రోసు మఠపు సన్న్యాసులు అచ్చటనే నదిని దాటుచుండిరని స్కాటు వినియుండెను. కనుక మఠాధిపతుల రేవు అను అర్థము వచ్చునట్లు దానికి అబట్సుఫర్డు అని పేరిడెను. 1812 మే నెలలో ఆ కుటుంబము పాత కత్తులు, డాలులు, ఈటెలు బండ్ల కెత్తుకొని క్రొత్త యింటికి కదలెను.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత స్కాట్లండులో కలదో లేదో కాని, స్కాటునకు అది చక్కగ వర్తించును. మొదట ఉన్న యింటికి రెండు మూడు గదులు చేర్చిన చాలు ననుకొనెను. 1816 మొదలు 1818 వఱకు భోజనశాల, చదువుగది, ఆయుధములుంచు గది తయారయ్యెను. అవియు చాలకపోయెను. 1822 లో పాత యింటిని నేలమట్టము చేయించి, రెండేండ్లలో ప్రధాన భవనమును లేపించెను. విలియం ఆట్కిన్సను అను శిల్పి పటములు గీసెను. గోడలు ఆ ప్రాంతపు ముదురురంగు గట్టిరాతితో కట్టబడెను. ద్వారముల చుట్టును, కిటికీల చుట్టును, మూలలందును చెక్కిన ఇసుకరాయి కూర్చిరి. ఇంటిచూరుల కొనలందు గోడలు మెట్లు మెట్లుగా పైకి లేచును. మూలల చిన్న బురుజులు ముందుకు పొడుచుకొని వచ్చును. స్కాట్లండు పూర్వదుర్గముల లక్షణములివి. ఆ రీతిని క్రొత్త యిండ్లకు మరల తెచ్చిన తొలి భవనములలో అబట్సుఫర్డు ముఖ్యమైనది. తరువాత అనేక ధనికులు దానిని చూచి అట్టి మేడలు కట్టుకొనిరి.

కాని ఈ మేడలోని విశేషము దాని ఆకారము కంటె దానిలో చేరిన పాతరాళ్లు, పాతచెక్కలు. ముఖమండపము లిన్లిత్‌గో రాజభవనపు ద్వారమునకు అనుకరణము. లోపలి శాల గోడలకు డన్ఫర్మ్‌లిన్ మఠమునుండి తెచ్చిన సిందూరపు చెక్కలు తాపడము చేయబడెను. 1817 లో ఎడింబరో పాత కారాగృహమును పడగొట్టినప్పుడు దాని తలుపును స్కాటు సంపాదించి, తన మేడ గోడలో బిగింపించెను. ఎందఱో ఖైదీలు కన్నీటితో దాటిన ఆ తలుపు నేడును అచ్చట కలదు. గ్రంథాలయపు పైకప్పు రాస్లిన్ దేవాలయపు చెక్కడములను పోలియుండును. కొన్ని చోట్ల పైకప్పులు నిజమైన చెక్క కావు. సున్నముతో పోతపోసి చెక్కవలె కనబడునట్లు రంగు వేసినవి. పాతదనమును ప్రేమించినవాడు ఈపాటి మాయను తప్పుగ తలపలేదు! చదువుగదిలో గోడపొడవున పుస్తకముల బీరువాలు, వానికి పైన ఒక నడవ, ఆ నడవనుండి పడకగదికి ఒక చిన్న మెట్లదారి. తెల్లవాఱకమునుపే లేచి, ఎవరికంటను పడక దిగివచ్చి వ్రాసికొనుటకే ఆ యేర్పాటు. మేడలోని గ్రంథములు 9,000 కు మించును. ఇంత పాతదనము నడుమ 1823 లో ఇంటినిండ గ్యాసు దీపములు వెలిగించుట మఱియొక వింత. అప్పటికి పల్లెపట్టున అట్టి యిల్లు బహు అరుదు.

ఈ ఖర్చులకెల్ల మూలధనము నవలలు. 1814 లో వేవర్లీ అను చారిత్రక నవల వెలువడెను. దానిపై రచయిత పేరు లేదు. దాని వెంట రాబ్‌రాయ్, ఐవన్‌హో మొదలగునవి వరుసగా వచ్చెను. ఎవరీ అజ్ఞాత రచయిత యని దేశమంతయు తర్కించుచుండెను. అబట్సుఫర్డునకు వచ్చిన అతిథులు ఉదయము ఫలహారము మొదలు రాత్రివఱకు గృహయజమానితో ముచ్చటించుచు, చెట్లు చూచుచు తిరుగుచుండిరి. అతిథులు లేవకమునుపే ఆయన ఆ దినపు వ్రాత ముగించెనని వారెఱుగరు. చరిత్రను నవలగా మలచు విద్యలో స్కాటు పేరు ఎంత దూరము ప్రాకెనన, మన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ఆంధ్రస్కాటు అని మనవారు గౌరవించిరి.

ఆ యెస్టేటులో టాం పర్డీ అను సేవకు డొకడుండెను. వాడు దొంగతనముగ వేటాడి పట్టుబడి, న్యాయాధికారియైన స్కాటు ఎదుటికి వచ్చినవాడు. వాని దారిద్ర్యమును విని స్కాటు వానిని విడిచిపెట్టి కొలువులో చేర్చుకొనెను. బీడుభూమిలో వేలకొలది మొక్కలు నాటుటలో టాం ఆయనకు కుడిభుజమయ్యెను. 1829 లో వాడు చనిపోగా, యజమానుడే మెల్రోసు మఠపు ఆవరణమున వానికి సమాధిరాయి నిలిపెను.

1820 లో స్కాటునకు సర్ బిరుదు లభించెను. 110 ఎకరములు క్రమముగ 1,400 ఎకరములయ్యెను. ఇరుగుపొరుగు రైతులు ధర పెంచి చెప్పినను ఆయన కొనక మానలేదు. ఇచ్చట ఆయన దోషమును దాచరాదు. బాలంటైను అను మిత్రుని అచ్చుకూటములో స్కాటు రహస్యభాగస్వామి. ఆ సంగతి లోకమెఱుగదు. ఇంకను వ్రాయని గ్రంథములకు ప్రచురణకర్తల వద్ద హుండీలు తీసికొని భూములు కొనుట, ఆ హుండీల గడువు తీరగా క్రొత్త హుండీలు వ్రాయుట ఆయనకు అలవాటయ్యెను. ఎవరెవరికి ఎంత బాకీయో లెక్క చూచుకొనలేదు. చట్టము చదివిన వానికి ఇది తగినది కాదు.

1826 జనవరిలో లండనులోని వర్తక సంఘ మొకటి కూలెను. దానితో ముడిపడియున్న ఎడింబరో ప్రచురణకర్త కాన్‌స్టేబులు కూలెను. వెంటనే బాలంటైను అచ్చుకూటము పడెను. స్కాటు తలపై పడిన ఋణము సుమారు 1,20,000 పౌనులు! అప్పుడు ఆయన వయస్సు ఏబదినాలుగు. దివాలా ప్రకటించినచో చట్టమే ఆయనను విడిపించెడిది. మిత్రులు సాయము చేయుటకు ముందుకు వచ్చిరి. పూర్వము కుమార్తెలకు వీణావాద్యము నేర్పిన పేద సంగీతజ్ఞు డొకడు తాను కూడబెట్టిన అయిదాఱు వందల పౌనులు పంపెదనని వర్తమానమంపెను. స్కాటు కన్నీరు పెట్టుకొనెను గాని ఎవరి ధనమును గ్రహింపలేదు. తన చేతితో వ్రాసి ప్రతి పౌనును తీర్చుటకు గడువు మాత్రమే యడిగెను. ఋణదాతలు సమ్మతించిరి.

ఎడింబరోలోని యిల్లు అమ్మివేయబడెను. అబట్సుఫర్డును అంతకు ముందటి సంవత్సరమే పెద్దకుమారుని వివాహసమయమున అతని పేర వ్రాసియుంచుటచే అది నిలిచెను. స్కాటు అందుండుటకు ఋణదాతలు అభ్యంతరము చెప్పలేదు. సేవకులను పంపివేయ బూనగా, వంటింటి వ్యవహారములు చూచు వృద్ధుడు జీతము లేకున్నను కదలననెను. బండి తోలువాడు నాగలి పట్టెను. మే నెలలో భార్య షార్లటు మరణించెను. అంతటి మేడలో స్కాటు ఒంటరివాడయ్యెను.

అంతకు ముందు కట్టడమునకై వ్రాసిన చేయి ఇప్పుడు బాకీకై వ్రాయసాగెను. ఆ సంవత్సరముననే వెలువడిన వుడ్‌స్టాకు నవల ఎనిమిదివేల పౌనులకు పైగా తెచ్చెను. 1827 లో తొమ్మిది సంపుటముల నెపోలియను చరిత్ర వెలువడి 18,000 పౌనులు తెచ్చెను. ఆ యేడే ఒక విందుసభలో నవలల కర్త తానేయని బహిరంగముగ ఒప్పుకొనెను. మైసూరు, మద్రాసు ప్రాంతములు రంగముగా, హైదరాలీ పాత్రగా గల ఒక కథను గూడ ఆయన ఆ సంవత్సరమే ప్రకటించెను. రెండేండ్లలో సుమారు 40,000 పౌనుల బాకీ తీఱెను. 1830 డిసెంబరులో ఋణదాతలు సభచేసి, అబట్సుఫర్డులోని గ్రంథములను, సామగ్రిని కృతజ్ఞతతో స్కాటునకే కానుకగా నిచ్చిరి. బాకీదారునకు అప్పులవారు బహుమాన మిచ్చుట లోకమున తఱచు వినము.

కాని దేహము ఓడిపోయెను. ఆ యేటి ఫిబ్రవరిలోనే పక్షవాతము సోకియుండెను. వైద్యులు వ్రాయవలదనిరి, ఆయన మానలేదు. చేయి కదలనప్పుడు చెప్పి వ్రాయించెను. 1831 లో ప్రభుత్వమువారు యుద్ధనౌకపై ఆయనను మధ్యధరా సముద్రప్రాంతమునకు పంపిరి. మాల్టా, నేపుల్సు, రోము చూచెను. బాకీలన్నియు తీఱిపోయినవను భ్రాంతి అప్పుడప్పుడు ఆయనకు కలుగుచుండెను. వెంటనున్నవారు ఆ భ్రాంతిని చెఱుపలేదు. తిరుగుదారిలో మరల వాతము సోకి స్పృహ తప్పెను. 1832 జూలై 11 వ తేదీన బండిలో పడుకొనబెట్టి ఇంటికి తెచ్చుచుండగా, దారిలోని కొండలను, వాగులను చూచి మెల్లగా గుర్తుపట్టసాగెను. అబట్సుఫర్డు బురుజులు కనబడగనే లేచి కూర్చుండబోగా, ఆయనను పట్టియుంచుట కష్టమయ్యెను. ఇంటికుక్కలు వచ్చి చేతులు నాకగా, ఏడ్చుచు నవ్వుచు వానిని నిమిరెను.

కొన్ని దినములకు తనను వ్రాతబల్ల యొద్దకు చేర్పుమని కోరెను. కుమార్తె కలమును వ్రేళ్ల నడుమ నుంచెను. వ్రేళ్లు ముడుచుకొనలేదు, కలము కాగితముపై జాఱిపడెను. ఆయన దిండుపై వెనుకకు వాలి నిశ్శబ్దముగ కన్నీరు కార్చెను. మరల ఆ బల్లయొద్దకు రాలేదు. 1832 సెప్టెంబరు 21 వ తేదీ మధ్యాహ్నము, భోజనశాలలో వేసిన మంచముపై, బిడ్డలు చుట్టు నుండగా ప్రాణము విడిచెను. ఎండ కాయుచుండెను. తెఱచియున్న కిటికీగుండ ట్వీడు నది గులకరాళ్లపై పాఱు సవ్వడి వినబడుచుండెను. డ్రైబరో మఠపు శిథిలములలో భార్య ప్రక్కన ఆయనను ఉంచిరి.

అప్పటికిని సుమారు 54,000 పౌనుల బాకీ మిగిలియుండెను. జీవితబీమా 22,000 పౌనులు ఇచ్చెను. కాడెలు అను ప్రచురణకర్త గ్రంథస్వామ్యముల హామీపై 30,000 పౌనులు ఇచ్చెను. 1833 లో ఋణదాతలందఱకు అసలు పూర్తిగ చెల్లెను. కాడెలునకు ఈయవలసినది గూడ, నవలల వలన వచ్చిన ఆదాయముతో 1847 నాటికి తీఱెను. ఆ సంవత్సరమే పెద్దకుమారుడు మద్రాసునుండి స్వదేశమునకు పోవుచు ఓడపై మరణించెను. అతనికి సంతానము లేదు. మేడ కుమార్తె సంతతికి సంక్రమించెను. ఆ వంశమువారు 2004 వఱకు అందు నివసించిరి. 1833 లోనే ప్రజలకు ద్వారములు తెఱచిన ఆ మేడ, మరమ్మతుల పిమ్మట 2013 లో మరల తెఱవబడెను. చదువుగదిలో వ్రాతబల్ల, దాని యెదుట కుర్చీ, మూలనుండి పడకగదికి పోవు చిన్న మెట్లు చూడవచ్చినవారికి ఇప్పటికిని కనబడుచున్నవి.