మాక్సుముల్లరు విదేశవిద్య: తల్లికి వ్రాసిన లేఖలు

సాయణభాష్యసహితముగా ఋగ్వేదమును ముద్రింపించిన మాక్సుముల్లరు పేరు వినని పండితుడు మన దేశమున అరుదు. సాయణుడు విజయనగర ప్రభువగు బుక్కరాయల మంత్రి యగుటచే ఆ గ్రంథము మనకు మఱింత ఆప్తమైనది. ఆ మహాకార్యము వెనుకనున్న గృహవియోగమును గుర్తుచేయుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆయన 1823 డిసెంబరు 6న జర్మనీలోని డెస్సౌ పట్టణమున జన్మించెను. తండ్రి విల్హెల్ము ముల్లరు ప్రసిద్ధ కవి. కుమారునకు నాలుగేండ్లు నిండకమునుపే, 1827లో, ఆయన గతించెను. తల్లి అడెల్హైడు స్వల్పాదాయముతోనే కుమార్తెను, కుమారుని పెంచెను.

మాక్సుముల్లరు 1841లో లైప్సిగు విశ్వవిద్యాలయమున చేరి, అచట సంస్కృతము నభ్యసించి, 1843లో డాక్టరు పట్టమందెను. 1844లో బెర్లినున బొప్పు కడ చదివెను. మఱుసటి యేడు పారిసు చేరి బుర్నూఫునకు శిష్యుడయ్యెను. ఋగ్వేదమును సభాష్యముగా ప్రకటింపుమని ప్రోత్సహించినది ఆ గురువే. పారిసున జీవనమునకై ఇతరుల కొఱకు వ్రాతప్రతులకు నకళ్లు వ్రాయుచు, రాత్రులు మేల్కొనుచు చదువు సాగించెను. ఇంత శ్రమలోను తల్లికి లేఖలు వ్రాయుట మానలేదు.

1846లో ఈస్టిండియా కంపెనీవారి గ్రంథాలయమందలి ప్రతులను చూచుటకై లండను వెళ్లెను. కొలదివారములకని పోయినవాడు అచటనే నిలిచిపోయెను. 1847లో కంపెనీవారు ముద్రణవ్యయము భరింప నంగీకరించిరి. విద్యార్థి కది వరము. తల్లికి మాత్రము ఎడబాటు పొడిగింపు. 1848లో ఆయన ఆక్సుఫర్డున స్థిరపడెను. 1849లో మొదటి సంపుటము, 1874లో ఆఱవదియు చివరిదియునగు సంపుటము వెలువడెను. అనగా ఇరువదియైదేండ్ల పని.

పారిసున ఫ్రెంచి, ఆక్సుఫర్డున ఇంగ్లీషు, వ్రాతబల్లపై సంస్కృతము ఆయన నావరించియుండగా, ఇంటిలేఖలు మాతృభాషను నిత్యవ్యవహారమున నిలిపినవి. వీలైనపుడు జర్మనీకి పోయి తల్లిని చూచి వచ్చుచుండెను. ఆమె 1883లో మరణించెను. ఆయన 1900లో గతించెను. వేదముల కింత సేవచేసినను భారతదేశమును కన్నులార చూడలేదు.

1902లో ఆయన భార్య జార్జినా ప్రకటించిన రెండు సంపుటముల చరిత్రలో తల్లికి వ్రాసిన లేఖలు విరివిగా నున్నవి. ఆ తల్లి వానిని భద్రపఱుపకున్నచో, ఆ విద్యార్థిదశ మనకు సగమే తెలిసియుండెడిది. దూరదేశములలో చదివిన మన పండితులు ఇంటికి వ్రాసిన లేఖలు ఎన్ని పెట్టెలలో శిథిలమగుచున్నవో! వారి గ్రంథములతోపాటు వానినిగూడ సేకరించుట పరిశోధకుల కర్తవ్యము.