వైద్యశాస్త్రజ్ఞులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

శ్రీమద్భాగవతము తృతీయ స్కంధమున కపిలమహర్షి తల్లియగు దేవహూతికి గర్భస్థ శిశువు పెరుగు క్రమమును వివరించుచు, మొదటి మాసముననే శిరస్సు ఏర్పడునని చెప్పెను. పురాణములందలి శరీరశాస్త్రమంతయు నేటి శాస్త్రముతో సరిపోవునని వాదించు అలవాటు నాకు లేదు. అయినను ఈ యొక్క విషయమున మన పెద్దల చూపు గుఱి తప్పలేదు. ఆ మొదటి మాసమునకు అక్కరకు వచ్చు ఔషధమును నిర్మించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారిది రెవెన్యూ ఉద్యోగము. ఆ జీతములో ఇల్లు గడుపుట యెట్టిదో మావంటివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. బాల్యమున వీరికి చదువుపై శ్రద్ధ లేకుండెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ మాఱు గాని గట్టెక్కలేదు. తల్లి వెంకమ్మగారి పట్టుదలయే లేకున్న ఆ చదువు అంతటితో ఆగియుండెడిది. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని వీరి మనస్సు, తల్లి ఒప్పుకొనలేదు. అంతట మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీగారి పిలుపు నాలకించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోగా ఆచార్యునికి ఆగ్రహము కలిగెను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేద కళాశాలయందు శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి.

ఈ నడుమనే వీరి సోదరు లిద్దఱు కొద్ది దినముల వ్యవధిలో గతించిరి. జ్యేష్ఠుని కబళించినది స్ప్రూ అను గ్రహణి వ్యాధి. తిన్న యన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి కృశించి కృశించి పోవును. నాడు దానికి మందు లేదు. ఆ దుఃఖము వీరిని వదలలేదు. 1922లో భార్య శేషగిరిగారిని పుట్టినింట విడిచి, మామగారి ధనసహాయముతో అమెరికాలోని బోస్టను నగరమునకు ప్రయాణమైరి. ఆ దంపతులు మఱల ఒకరినొకరు చూచుకొనలేదు. ఆ యిల్లాలు చెల్లించిన మూల్యమును చరిత్రకారులు తఱచు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. అది న్యాయము కాదు.

అక్కడ పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో కూలిపని. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో గూడి, రక్తమునందు భాస్వర మెంత యున్నదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తి నొసగు పదార్థములను గూర్చిన వీరి పరిశోధనలు 1927, 1929 సంవత్సరములలో వెలువడెను. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరిరి. బోదకాలు వ్యాధికి నేటికిని వాడు హెట్రజాన్ మందు వీరి నాయకత్వమున వచ్చినదే.

ఇక ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టు సారమిచ్చి నయము చేసెను. అందలి గుణకారి యేదియో తెలియలేదు. 1941లో పాలకూర నుండి తీసిన యొక పదార్థమునకు లాటిను భాషలో ఆకు అను అర్థము వచ్చునట్లు ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలో నిర్మించెను. మఱుసటి యేటికే గ్రహణి రోగులకు దానివలన గుణము కనబడెను. అన్న ప్రాణమును తీసిన వ్యాధికి తమ్ముడు మందు తెచ్చెను.

గర్భమునందు దీని పని యేమి? మూడవ వారమున పిండము వీపుభాగమున పలుచని పలక యొకటి ఏర్పడును. తమలపాకును ఈనె వెంబడి మడిచి అంచులు చేర్చినట్లు ఆ పలక మడతబడి గొట్టమగును. మెడవద్ద మొదలైన ఆ కలయిక పైకిని క్రిందికిని సాగి, 25వ దినము ప్రాంతమున తలవైపు, 28వ దినము ప్రాంతమున క్రిందివైపు మూసికొనును. ఆ గొట్టమే మెదడును వెన్నుపామునగును. దానిచుట్టు పుఱ్ఱెయు వెన్నుపూసలును తరువాత కట్టబడును. తలవైపు మూసికొననిచో మెదడును పుఱ్ఱె పైకప్పును ఏర్పడవు. ఆ శిశువు బ్రతుకదు. క్రిందివైపు మూసికొననిచో వెన్ను చీలి నాడులు బయటపడును. కాళ్లు చచ్చుబడవచ్చును, మూత్రము పట్టు తప్పవచ్చును. కణములు శీఘ్రముగా వృద్ధినొందు ఆ దినములలో ఫోలిక్ ఆమ్లము మిక్కిలి అవసరము.

ఇందుకు విపరీతమైన సాక్ష్యము వీరి ప్రయోగశాలనుండియే వచ్చెను. ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు అమినోప్టెరిన్ అను మందును అక్కడ తయారుచేసిరి. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరు సోకిన పిల్లల కిచ్చి వ్యాధిని కొంతకాలము వెనుకకు నెట్టెను. 1950 దాటిన పిమ్మట ఆ మందును గర్భస్రావమునకై వాడగా, స్రావము కాక మిగిలిన కొన్ని శిశువుల పుఱ్ఱెలు వికృతమయ్యెను.

ఇవన్నియు తెలియకముందే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు గుండెపోటుచే న్యూయార్కునందు మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. అట్టి కాన్పు ఒకమాఱు జరిగిన తల్లులకు మరుసటి గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లమిచ్చి చూచిన పరీక్ష 1991లో వెలువడెను. ఏడు దేశములలో జరిగిన ఆ పరీక్షయందు ఈ లోపము నూటికి 72 పాళ్లు తగ్గెను.

ఇట్టి కాన్పు జరిగినచో గ్రహణము చూచినదనియు, పూర్వజన్మ పాపమనియు కోడలిని నిందించు ఇండ్లు నేటికిని కలవు. 28 దినములనగా నెల తప్పినదని ఆమె రూఢిగా తెలిసికొను లోపలనే ఆ గొట్టము మూసికొనుట ముగియుచున్నది. అప్పటికి ఏమియు నెఱుగని ఆమెపై నేరమెట్లు మోపుదురు? కావున గర్భము వచ్చిన తరువాత మాత్రలు మొదలిడిన ఈ పనికి ఆలస్యమగును. బిడ్డను కోరు స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొని, మూడవ మాసము నిండువఱకు మానరాదు. మన కౌకూరు పెరళ్లలోని తోటకూర, పాలకూరలును, పెసలు, శనగలును మేలుచేయునవే. కాని కూరను ఉడికించి నీరు పారబోసిన అందలి సత్తువ చాల పోవును గనుక ఆహారమొక్కటియే చాలదు. మునుపు ఇట్టి కాన్పు జరిగిన తల్లికి ఇంకను పెద్ద మోతాదు కావలెను. దానిని వైద్యుని అడిగియే వాడవలెను.