ఊదారంగు తీసిన పెర్కిన్

విలియం హెన్రీ పెర్కిన్ 1838లో లండను నగరమున జన్మించెను. 1856లో, పదునెనిమిదవ యేట, ఈస్టరు సెలవులలో మలేరియా మందైన క్వినైనును బొగ్గుతారునుండి లభించు పదార్థములతో తయారుచేయ సంకల్పించి, ఇంటనే ప్రయోగములు సాగించెను. క్వినైను లభింపలేదు, నల్లని మడ్డి మిగిలెను. దానిని పారవేయక ఆల్కహాలులో కరగింపగా చక్కని ఊదారంగు వెలువడెను. అది పట్టునకు అంటి, ఎండకును సబ్బునకును వెలిసిపోలేదు.

శాస్త్రపరిశోధన విడువవలదని గురువు హాఫ్‌మన్ వారించెను. అయినను తండ్రి తాను దాచిన సొమ్ములో అధికభాగము వెచ్చింపగా, 1857లో గ్రీన్‌ఫర్డు గ్రామమున రంగుల కర్మాగారము వెలసెను. మాడరు వేరునుండి లభించు ఎర్రరంగైన అలిజరిన్‌ను కృత్రిమముగా తయారుచేయు మార్గమును, జర్మను శాస్త్రజ్ఞులతో ఇంచుమించు ఒకేమారు, 1869లో పెర్కిన్ కనుగొనెను. ధనము చేకూరెను. కాని గురువు మాట వ్యర్థము కాలేదు. 1874లో, ముప్పదియారవ యేట, కర్మాగారమును అమ్మివేసి ఆయన తిరిగి పరిశోధనకే అంకితుడయ్యెను. 1907లో కాలధర్మము నొందెను. క్వినైను నీయజాలని ఆనాటి మడ్డియే కృత్రిమవర్ణ పరిశ్రమకు మూలమయ్యెను.