అసీమా ఛటర్జీ: చంటిబిడ్డతో అమెరికా వెళ్లి పరిశోధన సాగించిన రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లో కలకత్తాకు చెందిన ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఉన్నత పరిశోధన కోసం అమెరికా వెళ్లారు. ఆమె వెంట పదకొండు నెలల కూతురు జూలీ, ఆ పాపను చూసుకునేందుకు ఒక ఆయా ఉన్నారు.

ఆ అధ్యాపకురాలు అసీమా ఛటర్జీ. బిడ్డా, పరిశోధనా అన్న రెంటిలో దేనినీ వాయిదా వేయడానికి ఆమె ఒప్పుకోలేదు.

అసీమా 1917 సెప్టెంబరు 23న కలకత్తాలో జన్మించారు. వైద్యుడైన తండ్రి ఇంద్రనారాయణ్ ముఖర్జీకి వృక్షశాస్త్రమంటే మక్కువ. మొక్కల్లోని ఔషధ గుణాలపై ఆమెకు ఆసక్తి కలిగింది ఆయన వల్లనే. స్కాటిష్ చర్చ్ కళాశాలలో పట్టభద్రురాలై, 1938లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ పూర్తి చేశారు. 1940లో లేడీ బ్రేబోర్న్ కళాశాలలో రసాయనశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. 1944లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్నారు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన తొలి మహిళ ఆమే. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయంలో గౌరవ అధ్యాపకురాలయ్యారు. మరుసటి ఏడాది భౌతిక రసాయనశాస్త్రవేత్త వరదానంద ఛటర్జీతో వివాహమైంది.

విదేశాల్లో ఆమె విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనూ, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనూ, ఆపై జ్యూరిక్‌లో నోబెల్ గ్రహీత పాల్ కారర్ వద్దా పని చేశారు. 1950లో స్వదేశానికి తిరిగివచ్చారు.

వచ్చాక ఎదురైన స్థితి వేరు. మొక్కను ఎండబెట్టి, పొడి చేసి, ద్రావణిలో నానబెట్టి, అందులోంచి ఒక్కొక్క పదార్థాన్నీ వేరుచేయాలి. అది శుద్ధమైన స్ఫటికంగా తేలిన తర్వాతే దాని అణునిర్మాణం ఏమిటన్న అసలు ప్రశ్న మొదలవుతుంది. జవాబు చెప్పగల పరికరాలు నాటి కలకత్తాలో లేవు. మూలకాల విశ్లేషణకు సైతం నమూనాలను విదేశాలకు పంపాల్సి వచ్చేది. ఆ ఖర్చులోనూ, రసాయనాల ఖర్చులోనూ కొంత పరిశోధకులే భరించేవారు. విద్యార్థులకు అందే ఉపకార వేతనం స్వల్పం. ‘తొలి మహిళ’ అన్న మాట అసీమా పేరు పక్కన తరచుగా కనిపిస్తుంది గాని, ఆ మాట వెనుక ఉన్న ఈ నిత్య సంకటం అంతగా కనిపించదు.

అయినా సర్పగంధి వంటి మొక్కల్లోని ఆల్కలాయిడ్లపై ఆమె బృందం చేసిన కృషికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 1954లో విశ్వవిద్యాలయంలో రీడర్‌గా చేరారు. 1961లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, మరుసటి ఏడాది ప్రతిష్ఠాత్మక ఖైరా ఆచార్య పీఠం లభించాయి. 1982 వరకూ ఆ పీఠంలో కొనసాగారు. జూలీ కూడా తల్లి దారిలోనే కర్బన రసాయనశాస్త్రాన్ని ఎంచుకుని, అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలయ్యారు.

1967 ఈ కుటుంబానికి కఠినమైన సంవత్సరం. కొద్ది నెలల తేడాతో తండ్రీ, భర్తా ఇద్దరూ మరణించారు. మొక్కల లోకాన్ని పరిచయం చేసినవారొకరు, అదే శాస్త్రాన్ని వృత్తిగా పంచుకున్నవారు మరొకరు. ఆమె స్వయంగా తీవ్ర అనారోగ్యం పాలయ్యారు. కోలుకున్నాక మళ్లీ ప్రయోగశాలకు వచ్చారు.

బెంగాలీలు సుషుని అని పిలిచే నీటి ఆకుకూర నుంచి మూర్ఛవ్యాధికీ, ఏడాకులపాల, కటుకరోహిణి, గచ్చకాయ, చిరాయత వంటి మూలికల నుంచి మలేరియాకూ మందులు రూపొందించడంలో ఆమె కృషి ముఖ్యమైనది. ఊరి వైద్యానికి తెలిసిన ఆకునూ వేరునూ ఆమె చిన్నచూపు చూడలేదు, అలాగని పరీక్షించకుండా నమ్మనూ లేదు.

1975లో పద్మభూషణ్ అందుకున్న ఆమె, అదే ఏడాది ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ అధ్యక్షురాలిగా వ్యవహరించారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ కూడా ఆమే. 1982 నుంచి 1990 వరకూ రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలు. ఇన్ని బాధ్యతల మధ్య భారతీయ వనౌషధులపై ఆరు సంపుటాల బెంగాలీ గ్రంథానికి సంపాదకత్వం వహించారు. సత్యేంద్రనాథ్ బోస్ స్థాపించిన వంగీయ విజ్ఞాన పరిషత్ కోసం ఉన్నత పాఠశాల విద్యార్థులకు మాతృభాషలో రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకం రాశారు.

2006 నవంబరు 22న, 89 ఏళ్ల వయసులో అసీమా ఛటర్జీ కన్నుమూశారు.