గాజు తీగలో కాంతికి బలం: కృష్ణన్ కృషి

న్యూఢిల్లీ: పూసా ప్రాంతంలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉన్న రహదారికి డాక్టర్ కె.ఎస్. కృష్ణన్ పేరు పెట్టారు. ఆ సంస్థకు తొలి డైరెక్టర్ ఆయనే. టెలిఫోన్, ఇంటర్నెట్ సంకేతాలను దూరప్రాంతాలకు మోసుకుపోయే ఆప్టికల్ ఫైబర్లలో కాంతికి బలం చేకూర్చే ఒక విధానానికి మూలం ఆయన పాలుపంచుకున్న ప్రయోగమేనన్న సంగతి ఆ దారిన వెళ్లేవారిలో కొద్దిమందికే తెలుసు. ఆ విధానం రామన్ పేరుతోనే చెలామణి అవుతోంది.

కరియమాణిక్యం శ్రీనివాస కృష్ణన్ 1898 డిసెంబర్ 4న తమిళనాడులోని వత్రాప్‌లో జన్మించారు. మదురై, మద్రాసులలో చదివి, 1923లో కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధకునిగా చేరారు. రామన్ అప్పటికే కాంతి పరిక్షేపణంపై కొన్నేళ్లుగా కృషి చేస్తున్నారు.

1928 ఫిబ్రవరిలో గురుశిష్యులిద్దరూ సూర్యకాంతిని కటకాలతో కేంద్రీకరించి, శుద్ధి చేసిన ద్రవాల గుండా పంపారు. రంగు ఫిల్టర్ల సాయంతో, చీకటికి అలవాటుపడిన కళ్లతోనే పరిశీలన సాగింది. పరీక్షించిన ద్రవాలు దాదాపు 60. లోపలికి వెళ్లిన రంగుకు భిన్నమైన రంగు గల బలహీన కాంతి వెలువడింది. ఆ కాంతి ధ్రువితమై ఉండటంతో అది సాధారణ ఫ్లోరసెన్స్ కాదని తేలింది. ఆ ఏడాది మార్చి 31న నేచర్ పత్రికలో వెలువడిన లేఖపై ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930 నోబెల్ బహుమతి మాత్రం రామన్‌కు ఒక్కరికే దక్కింది. సంకల్పం, నాయకత్వం రామన్‌వే అయినా, ఆ వారాల పరిశీలనా భారం చాలావరకు కృష్ణన్‌దేనన్నది విస్మరించరానిది.

1928 చివర కృష్ణన్ ఢాకా విశ్వవిద్యాలయానికి వెళ్లి స్ఫటికాల అయస్కాంత ధర్మాలపై దృష్టి మళ్లించారు. సూరి భగవంతం రామన్ వద్ద చేరినది కూడా ఆ సంవత్సరమే. కృష్ణన్ 1933లో కలకత్తాకు, 1942లో అలహాబాద్‌కు మారి, 1947లో ఢిల్లీ ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించారు. దాని భవనాన్ని 1950 జనవరిలో సర్దార్ పటేల్ ప్రారంభించారు. 1958లో తొలి భట్నాగర్ పురస్కారం కృష్ణన్‌నే వరించింది. 1961 జూన్ 14న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు.

లేజర్ పుట్టి అప్పటికి ఏడాదే అయింది. మరుసటి ఏడాది, అంటే 1962లో, లేజర్ కాంతితో రామన్ పరిక్షేపణాన్ని ఎన్నో రెట్లు ఉద్దీపింపజేయవచ్చని వెల్లడైంది. 1970వ దశకంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు గాజు తీగలో ఈ వర్ధనాన్ని చూపారు.

దీని అవసరం సులభంగానే బోధపడుతుంది. ఎంత స్వచ్ఛమైన గాజు తీగ అయినా, 100 కిలోమీటర్లు ప్రయాణించేసరికి కాంతిలో సుమారు నూరోవంతే మిగులుతుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు సంకేతం చేరాలంటే దారిలో పలుమార్లు బలం పుంజుకోక తప్పదు. సాధారణంగా 1550 నానోమీటర్ల సంకేతానికి ఎదురుగా, దాదాపు 1450 నానోమీటర్ల శక్తిమంతమైన లేజర్ కాంతిని పంపుతారు. గాజులోని కంపనాలు కొంత శక్తిని తీసుకోగా, మిగిలినది సంకేతంలో కలుస్తుంది. వేరే పరికరం అక్కరలేకుండా తీగే యాంప్లిఫైయర్ అవుతుంది. సంకేతం మరీ క్షీణించకముందే బలం అందుతుంది గనుక అవాంఛిత ధ్వని తగ్గి, స్టేషన్ల మధ్య దూరం పెంచే వీలు కలుగుతుంది. 2000 తరువాత ఈ విధానం వాణిజ్య స్థాయిలో సుదూర మార్గాలకు విస్తరించింది.