వినే చెవి... నిలిచే ప్రాణం

1935లో ఇంగ్లండ్‌లోని లింకన్‌లో యువ పాదిరి చాద్ వరా జరిపించిన తొలి భూస్థాపన పద్నాలుగేళ్ల బాలికది. రజస్వల కావడాన్ని సుఖవ్యాధి అనుకొని, ఎవరినీ అడగలేక ఆమె ప్రాణం తీసుకుంది. ఆ పసిదాని గోడు వినేవారే లేకపోయారన్న వేదన ఆయన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. 1953 నవంబర్ 2న లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ చర్చిలో టెలిఫోన్ పెట్టి, చావాలనుకునేవారు ముందు తనతో మాట్లాడాలని పిలుపునిచ్చారాయన. ఆయన కోసం వచ్చి వేచి ఉన్నవారిలో చాలామంది, టీ అందించే వాలంటీర్లతోనే మనసు విప్పుకొని తేలికపడి వెళ్లేవారు. ఉపదేశం కన్నా ఓపికగా వినడమే అవసరమని గ్రహించి, 1954లో ఆ పని వారికే అప్పగించారు. అక్కడ మతబోధకు తావులేదు. అదే ‘సమారిటన్స్’ సంస్థ. యేసుప్రభువు చెప్పిన ఉపమానంలోని మంచి సమరయుడి పేరే దానికి వచ్చింది. దారిలో పడివున్నవాడిని నీదే కులమని ఆ సమరయుడు అడగలేదు కదా! 2007లో వరా కన్నుమూశారు. 2010లో మొదలుపెట్టి ఆ సంస్థ, ప్లాట్‌ఫారంపై కుంగిపోయి నిలబడ్డవారిని గుర్తించి పలకరించడం బ్రిటన్ రైల్వే సిబ్బందికి ఏళ్ల తరబడి నేర్పింది. హైదరాబాద్‌లో ‘రోష్నీ’ వాలంటీర్లదీ అదే సేవ. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరు తెలుగులోనూ పలుకుతుంది. ఇంట్లో, చర్చిలో, రైల్లో మన పక్కనే మౌనంగా కూర్చున్నవారిని ఈరోజు పలకరిద్దామా? వినడమూ పరిచర్యే!