శ్యామ్‌సుందర్: ఆత్మరక్షణ ఎవరి హక్కు?

గౌలిగూడ నుంచి కాస్త ముందుకు నడిస్తే చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ కనిపిస్తుంది. 1906లో జగన్ మిత్ర మండలితో పని మొదలుపెట్టిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ దళితులకు మిగిల్చి వెళ్లిన చిరునామా అది. ఆయన బడులు పెట్టారు, సంఘం కట్టారు. ఆ తర్వాతి తరం నాయకుడు బి. శ్యామ్‌సుందర్ మరో ప్రశ్న లేవనెత్తారు: దాడి జరిగే వేళ మన ప్రాణాలను ఎవరు కాపాడాలి?

1908లో అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతంలో శ్యామ్‌సుందర్ పుట్టారు. ఉస్మానియాలో చదివారు, న్యాయశాస్త్రం నేర్చుకున్నారు. అణగారిన వర్గాల సంఘానికి నాయకత్వం వహించారు. 1948లో ఆయన ఎంచుకున్న దారిపై నేటికీ వాదన నడుస్తూనే ఉంది. నిజాం పక్షాన ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి వెళ్లిన ప్రతినిధి బృందంలో ఆయన ఒకరు. ఢిల్లీ రాజ్యంలోనైనా, నిజాం రాజ్యంలోనైనా దళితుడికి దక్కేదేమిటన్నది ఆయన లెక్క. రజాకార్ల తుపాకులు పల్లెల్లో ఏం చేశాయో గుర్తున్నవాళ్లు ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఆయన జీవితం రాసేవాళ్లు ఈ రెండింటినీ దాచకుండా చెప్పాలి.

1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో శ్యామ్‌సుందర్ గుల్బర్గాలో భీమ్‌సేనను స్థాపించారు. దళిత్ పాంథర్స్ పుట్టింది నాలుగేళ్ల తర్వాత. పోలీసు వచ్చేదాకా వాడ కాలుతూ కూర్చోకూడదు, వాడే నిలబడాలి అన్నది భీమ్‌సేన ఆలోచన. అదే ఏడాది డిసెంబర్‌లో తమిళనాడు కీలవెణ్మణిలో 44 మంది దళితులు ఒకే గుడిసెలో కాలిపోయారు.

సముద్రాల అవతల నల్లజాతివాళ్లదీ ఇదే ప్రశ్న. 1966లో ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని పోలీసులపై నిఘా పెట్టారు. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా, నిండు తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించింది. 1968లో అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా తుపాకుల నియంత్రణ చట్టం తెచ్చింది. అలాంటి చట్టాలను అక్కడివాళ్లు రాజ్యాంగ రెండో సవరణ ఆధారంగా కోర్టుల్లో సవాలు చేస్తూ వచ్చారు. 2010లో చికాగో చేతితుపాకుల నిషేధం మీద సుప్రీంకోర్టులో గెలిచిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ ఒక నల్లజాతి వృద్ధుడు.

మన దగ్గర ఆ తలుపు లేదు. రాజ్యాంగం 19వ అధికరణం సభ జరుపుకొనే హక్కు ఇచ్చింది గానీ, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అని షరతు పెట్టింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు ప్రాథమిక హక్కు కాదని 1985లో అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. ఆత్మరక్షణ హక్కును చట్టం గుర్తిస్తుంది. కానీ లైసెన్సు ఇచ్చే అధికారి బల్ల దగ్గరికి ఎవరి మాట ముందు చేరుతుందో పల్లెలో అందరికీ తెలుసు.

1975లో శ్యామ్‌సుందర్ కన్నుమూశారు. పదేళ్లకు కారంచేడు, ఆ తర్వాత 1991లో చుండూరు జరిగాయి. ఆయన అడిగిన ప్రశ్నకు చట్టంలో కొంత జవాబు 1995లో వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అవసరమైతే అక్కడి దళితేతరుల, ఆదివాసీయేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయవచ్చు, దళిత ఆదివాసీలకు లైసెన్సులు ఇవ్వవచ్చు.

తుపాకీ వస్తే కులం పోదు. వాడలో తుపాకీ ఉంటే మరిన్ని ప్రాణాలు పోవచ్చన్న భయమూ నిజమే. అయితే అదే నిబంధన అక్రమ ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలని కూడా చెబుతోంది. ముందు పెత్తందారుల చేతిలోని ఆయుధం తీసుకోండి అని అడగడానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. మీ జిల్లాలో గుర్తించిన ప్రాంతాలు ఏవి, ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి అని సమాచార హక్కు కింద ఒక అర్జీ పెడితే చాలు.